నా నుదుటి మీద ఎన్నికలు

మా ఆయన బల్దియా ఎన్నికల్లో నిలబడితే జనం ఆయన మొహం చూడలేదు, నా నుదురు చూశారు. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ అప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండిపోయింది. సొంత ఇల్లో దుకాణమో ఉన్నవాళ్ళకే ఆ రోజుల్లో ఓటు. నాకు లేదు. ఓటే లేని మనిషి నుదుటికి అంత గిరాకీ ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు.

అవి ముప్పైల్లో సగం గడిచిన రోజులు. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఒక పాత ఇంటి ముందు భాగంలో రెండు గదులు మాకు కిరాయికి ఉండేవి. మా ఆయనకు ఆబిడ్స్‌లో చిన్న దుకాణం. కుట్టుమిషన్లు అమ్మేవాడు, అంతకన్నా ఎక్కువగా బాగుచేసేవాడు. చక్రం తిరగడం లేదని, సూది దారం తెంపుతోందని ఎవరు కబురు పెట్టినా సంచి భుజాన వేసుకుని సైకిలెక్కేవాడు. బషీర్‌బాగ్ బంగళాల్లోనూ మా గల్లీ రేకుల ఇళ్ళలోనూ ఒకే మాట, ఒకే మర్యాద. మేమిద్దరం మెదక్ వైపు క్రైస్తవ మిషన్ కుటుంబాలలో పుట్టినవాళ్ళం. తాతల నాడే బాప్తిస్మం తీసుకున్న ఇళ్ళు మావి. మా ఆడవాళ్ళకు మెడలో పుస్తెల తాడు ఉంటుంది, నుదుట బొట్టు ఉండదు.

ఇంటి వెనక భాగంలో ఇల్లుగలామె ఉండేది. నాకన్నా పదేళ్ళు పెద్దది. అక్క అని పిలిచేదాన్ని. వ్యాపారస్తుల ఇంటి కోడలు, చిన్నప్పుడే భర్త పోయాడు. ఆయన ఆమె పేరు మీద రాసిపెట్టిన ఆ ఇల్లు తప్ప ఆమెకు ఇంకేమీ మిగల్లేదు. హిమాయత్‌నగర్‌లో ఉన్న అత్తగారి వైపు వాళ్ళు శుభకార్యాలకు పిలిచేవారు కాదు. అక్కకు మా గల్లీలో ప్రతి ఇంటి కార్యక్రమమూ తెలుసు. ఎవరి పిల్లవాడు పరీక్షకు పోతున్నాడు, ఎవరు పెళ్ళిచూపులకు బయల్దేరుతున్నారు అన్నీ కనుక్కుని ఉండేది. ఆ వేళకు లోపలికి పోయి గొళ్ళెం పెట్టుకోవాలి కదా. పొరపాటున ఎదురొస్తే వాళ్ళు వెనక్కి పోయి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవారు. అది చూసినప్పుడల్లా నాకు మాట నోటి దాకా వచ్చేది. అక్కే నన్ను ఆపేది.

మేం శకునాలు చూడం గనక మా గుమ్మం ముందు ఆమెకు ఆ బాధ లేదు. పొద్దున్నే మా మెట్టు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉండేది. మా ఆయన సైకిలు దించి ఆమె ముందు నుంచే దుకాణానికి పోయేవాడు. "మీ ఇంటి ముంగట నాకు ఏం ఫికరుండది చెల్లె" అనేది.

నేను కొత్తగా కాపురానికొచ్చినప్పుడు ఒక ఇంట్లో పేరంటానికి పిలిచారు. ఇంటామె కుంకుమ వేలితో తీసి నా నుదుటి దాకా తెచ్చింది. మాలో పెట్టుకోరండీ అన్నాను. ఆ వేలు అక్కడే ఆగిపోయింది. గదిలో ఉన్న వాళ్ళంతా ముందు నా మెడ వైపు చూశారు, తర్వాత నుదుటి వైపు చూశారు, ఆ రెంటికీ పొత్తు కుదరక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు పనిసాయానికి వచ్చి వంటింట్లో వెనకగా కూర్చున్న అక్క గొంతు వినిపించింది. ఆ పిల్ల దేవుడు వేరు, మొగుడు నిక్షేపంగా ఉన్నాడు, పూలు పెట్టి పంపండి అని తీర్పు చెప్పింది. అప్పటి నుంచీ గల్లీలో అదే పద్ధతి. నాకు పూలు, తమలపాకులు, నానబెట్టిన శనగలు. బొట్టు మాత్రం లేదు. అవి కొంగున కట్టుకుని నేను వంటింట్లోకి పోయి అక్క పక్కన కూర్చునేదాన్ని. బొట్టు లేనోళ్ళిద్దరూ ఒక చోట చేరారని ఆడవాళ్ళు వేళాకోళమాడేవారు. మేమూ నవ్వేవాళ్ళం.

మా గల్లీలో ఉప్పునీళ్ళ బావి తప్ప ఇంకో నీటి చుక్క లేదు. మంచినీళ్ళకు స్టేషను రోడ్డు మీది నల్లా దాకా పోవాలి. అక్కడ బిందెల వరుస, వరుస కోసం జుట్లు పట్టుకోవడం, అంతా అయ్యాక నడుము మీద బిందెతో అంత దూరం నడవడం. గల్లీకి నల్లా తెప్పించాలని మా ఆయన బల్దియాకు, అదే మునిసిపాలిటీకి, ఎన్నో అర్జీలు పెట్టాడు. అర్జీలు పెట్టేవాడు మెంబరే ఎందుకు కాకూడదని ఎవరో అన్నారు. ఆ మాట ఆయనకు నచ్చింది. నల్లా కోసమే నిలబడ్డాడన్నది నిజం. మెంబరుగారు అనిపించుకోవాలని లోపల కొంచెం ఉండిందన్నదీ నిజమే. భార్యను, నాకు తెలియదా?

పోటీకి నిలబడ్డది ఒక బట్టల వ్యాపారి. చెడ్డవాడేమీ కాదు. మా తరఫున అన్నీ చూసుకున్నది కచేరీలో పనిచేసి పింఛను పుచ్చుకున్న ఒక గుమాస్తాగారు. పూజ చేయనిదే పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి. మా ఆయన అంటే ఎందుకో ప్రాణం పెట్టేవాడు. గొడుగు చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. పక్క గల్లీలోని దర్జీ మాస్టరు ఒక్కడే మా మతం ఊసెత్తలేదు. నల్లా వస్తే నమాజుకు ముందు కాళ్ళు చేతులు కడుక్కోవడానికి మంచినీళ్ళుంటాయా అని అడిగి, ఉంటాయంటే సంతోషించి, తన మిషను బెల్టు సంగతి గుర్తుచేసి పోయాడు.

మిగతా వాళ్ళు అంత తేలిగ్గా వదల్లేదు. ఒక ఇంటి వాకిట్లో పదిమంది చేరినప్పుడు ఒకాయన లేచి, నువ్వు గెలిస్తే బోనాల నాడు నల్లా విప్పుతావా, కట్టేస్తావా అని అడిగాడు. మా ఆయన ఆ మాటకు జవాబు చెప్పకుండా, గొట్టం ఎంత లావుండాలో, ఎటు నుంచి తవ్వుకు రావాలో, వాలు ఎంతుంటే నీళ్ళు బాగా వస్తాయో పెద్ద పాఠం చెప్పాడు. జనానికి ఆవులింతలొచ్చాయి. ఆ రాత్రి గుమాస్తాగారి మొహం చూడాలి.

మర్నాడు ఆయన మా ఇంటికొచ్చి కూర్చుని, గొడుగును చేతుల్లో తిప్పుతూ చాలాసేపు వానల గురించి మాట్లాడాడు. ఆ తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. భార్య నుదుట బొట్టయినా ఉండనివ్వని మనిషికి మన ఓటా అని అవతలివాళ్ళు అడుగుతున్నారట. "నేను మతం మారమంటలేను బిడ్డా. జర చిన్న బొట్టు పెట్టుకొని నాలుగిండ్లు తిరుగు. ఎన్నికలైనంక కడుక్కో" అన్నాడు. ఆయనకే ఆ మాట చెప్పడం సిగ్గుగా ఉందని కనబడుతూనే ఉంది.

ఆ మాట చర్చి దాకా ఎలా పాకిందో తెలియదు. సాయంకాలానికి మా పాస్టరు అయ్యగారు వచ్చారు. కోస్తా వైపు మిషన్ ఊరి నుంచి వచ్చిన నెమ్మదైన మనిషి. ప్రార్థన చేశారు, కాఫీ తాగారు, వచ్చే ఆదివారం ప్రభు భోజన సంస్కారం ఉందని గుర్తుచేశారు. ఓట్ల కోసం బొట్టు పెట్టుకున్నామని తెలిస్తే సంఘం పెద్దలు రొట్టె, ద్రాక్షరసం మాకివ్వడానికి ఒప్పుకోరని, తన చేతిలో ఏమీ ఉండదని బాధపడుతూ చెప్పారు. పెట్టుకుంటే చర్చిలో చోటు పోతుంది, పెట్టుకోకపోతే ఓట్లు పోతాయి. మధ్యలో నా నుదురు.

మా ఆయన్ని అడిగితే నీ ఇష్టం అన్నాడు. నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించిన మాట అదే. రాత్రంతా ఆయన నిద్రపోలేదు, నల్లా గొట్టాల గురించే ఆలోచిస్తున్నాడని నాకు తెలుసు. ఆయన అంతగా దేన్నీ కోరుకోగా నేను చూడలేదు. తెల్లారేసరికి నిర్ణయం చేసుకున్నాను. కుంకుమ ఎంత, నేనెంత, దేవుడు అంత చిన్నదానికి అలుగుతాడా అనుకున్నాను. పెట్టుకుని తిరిగొద్దామనుకున్నాను.

మా ఇంట్లో కుంకుమ ఎక్కడిది? నాకు అడగాలని తోచింది అక్కనే. అడగకూడని మనిషిని అడుగుతున్నానన్న ఊహ కూడా నాకు రాలేదు. ఇన్నేళ్ళుగా ఆమె బోసి నుదురూ నా బోసి నుదురూ నాకు ఒకటే అయిపోయాయి. ఆమె గుమ్మం ముందు నిలబడి, "అక్కా, జర కుంకుమ ఇస్తవా?" అన్నాను.

అక్క చేతిలో పని ఆపింది. నన్ను ఒకసారి చూసి, ఏమీ అడగకుండా దేవుడి గదిలోకి పోయి అమ్మవారి ముందున్న భరిణె తెచ్చింది. నేను చెయ్యి చాపాను. ఆమె నా చేతికివ్వకుండా వంగి గడప మీద పెట్టింది. తాను ఇచ్చినట్టు కాకూడదు, నువ్వే తీసుకో అంది. నీ మొహానికి చిన్నదైతేనే అందం, పెద్దది పెట్టుకోకు అని కూడా చెప్పింది, నవ్వుతూనే. ఆ తర్వాత, "రేపటి సంది ఏ యాళ్లకు బయల్దేరుతవో ముందుగాల చెప్పు చెల్లె. నేను లోపట ఉంట" అంది.

ఎందుకని అడిగాను. నాకు నిజంగానే అర్థం కాలేదు.

"మొన్నటిదాక వేరే. గిప్పుడు నువ్వు ముత్తైదువవు. మంచి పనికి పోతున్నవు. నేనెదురొస్తె బాగుండది."

ఆ గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. బజారుకు పోయేటప్పుడు తలుపు దగ్గరికి వెయ్యమని చెప్పినంత మామూలుగా చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. భరిణె గడప అవతలికి నెట్టి, నాకొద్దక్కా అన్నాను. ఆమె కంగారుపడి తిట్టింది. మొగుడి పని చెడగొడతావా, పిచ్చిదానివా అంది. నేను వినలేదు. మొండితనంలో మా పుట్టింట్లోనే నాకు పేరుంది.

అన్నం దగ్గర మా ఆయనకు జరిగింది చెప్పాను. "అయితె పెట్టుకోకు" అన్నాడు. ఈసారి నీ ఇష్టం అనలేదు. ఆయన మీద నాకు అంత ప్రేమ పెళ్ళినాడు కూడా కలగలేదు.

గుమాస్తాగారు విని తల పట్టుకున్నాడు. ఓట్లు పోతాయి బిడ్డా అన్నాడు. అయినా మర్నాడు పొద్దున్నే గొడుగుతో మళ్ళీ హాజరయ్యాడు. ఇక ఆదివారం చర్చిలో అయ్యగారు నన్ను చూసి పొంగిపోయారు. స్త్రీల కూటంలో లేచి సాక్ష్యం చెప్పమన్నారు. నేను లేచి, ప్రభువు కోసం బొట్టు మానలేదని, మా ఇంటి అక్క కోసం మానానని చెప్పి కూర్చున్నాను. అయ్యగారు తర్వాతి కీర్తన నంబరు చెప్పారు. కూటం అయ్యాక మాత్రం బయట నా దగ్గరకొచ్చి, ఆ అక్కగారు కులాసాయేనా అమ్మా అని అడిగారు.

ఓట్ల రోజు పొద్దున మా వాకిట్లో చాలామంది చేరారు. నాంపల్లి బడిలో ఓట్లు. అందరం కలిసి నడిచిపోవాలని అనుకున్నాం. గుమాస్తాగారు మాకు చెప్పకుండా, నిండు బిందెతో ఒక ముత్తైదువ ఎదురు రావడానికి ఏర్పాటు చేశాడు. అక్క తలుపు తెల్లవారక ముందే మూసేసి ఉంది. ఇల్లు ఆమె పేరున ఉంది గనక ఆమెకు ఓటుంది. అందరూ పోయి వచ్చాక సాయంత్రం వేస్తానని నాతో ముందే అంది. మా ఆయన మెట్టు దిగబోయి ఆ మూసిన తలుపు చూశాడు. వెనక్కి తిరిగి పోయి తట్టాడు.

"అక్కా, మీరు రాన్రి. మీరు ముందు నడువున్రి, మీ ఎన్క మేమొస్తం."

"వద్దు తమ్మీ. మీ పని చెడిపోతది" అని లోపలి నుంచే అంది.

ఆయన వినలేదు. మీరు రాకపోతే నేనూ కదలనని తలుపు ముందు నిలబడ్డాడు. నేను కూడా వెళ్ళి బతిమాలాను. ఎంతసేపటికో గొళ్ళెం తీసింది. కొంగు తల నిండా కప్పుకుని మా అందరికన్నా ముందు నడిచింది. బిందెతో వస్తున్న ఆవిడ మమ్మల్ని చూసి పక్క వాకిట్లోకి తిరిగిపోయింది. వెనక నడుస్తున్న వాళ్ళలో ఒకాయనకు చెప్పు ఊడింది. ఒకాయనకు లక్డీకాపూల్‌లో అర్జెంటు పని గుర్తొచ్చింది. బడి చేరేసరికి మా వెంట పిడికెడు మందే మిగిలారు. గుమాస్తాగారు ఉన్నాడు, రోడ్డుకు ఆ పక్కగా నడుస్తూ. నేను మాత్రం అక్క చెయ్యి పట్టుకుని తలెత్తుకుని నడిచాను. ఆ పూట నాకున్న గర్వం ఇంతా అంతా కాదు. ఆమె చెయ్యి చల్లగా ఉంటే సంతోషంతో అనుకున్నాను.

మేం ఓడిపోయాం. చిన్న తేడాతో కూడా కాదు, బాగా ఓడిపోయాం. కిరస్తానీ అని ఓడించారన్నారు మా చర్చివాళ్ళు. బొట్టు పెట్టుకోనందుకు అన్నారు గల్లీవాళ్ళు. గుమాస్తాగారు అక్క పేరెత్తలేదు. పెద్దమనిషి. ఆ పేరు అక్కే ఎత్తింది. సాయంకాలం మా తలుపు పట్టుకుని నిలబడి, "నేను చెప్పిన గద తమ్మీ. ఎంత చెప్పినా ఇనకపోతివి" అని భోరున ఏడ్చింది.

మా ఆయన ఆమెకు ఎన్నో విధాల చెప్పాడు. ఓట్ల లెక్కలు చెప్పాడు, అవతలి వ్యాపారికి ఉన్న బంధువర్గం సంగతి చెప్పాడు. చిన్నపిల్లల కబుర్లు విన్నట్టు తలాడించి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి మా మెట్టు మీద కూర్చోవడం మానేసింది. ఆయన సైకిలు దించుతున్న చప్పుడు కాగానే వెనక గొళ్ళెం పడేది. ఊరంతటిలో ఆమె దాక్కోనక్కర్లేని చోటు ఒక్కటుండేది, మా వాకిలి. అదీ పోయింది. నీ నమ్మకమేమిటని నన్ను అయ్యగారు అడిగారు, గుమాస్తాగారు అడిగాడు, గల్లీ అంతా అడిగింది. వాళ్ళందరినీ తప్పుపట్టిన మేమిద్దరం అక్కను ఆ మాట ఒక్కసారీ అడగలేదు.

ఏళ్ళు గడిచాయి. యుద్ధం వచ్చింది. కుట్టుమిషన్ల సామాను రావడం మానేసింది, కిరసనాయిలుకు, బియ్యానికి వరుసలొచ్చాయి. నీళ్ళ వరుస ఎలాగూ ఉంది. అలాంటి రోజుల్లో మళ్ళీ ఎన్నికలన్నారు. గుమాస్తాగారు బాగా ముసలివాడయ్యాడు, గొడుగు ఇప్పుడు చేతికర్రలా వాడుతున్నాడు. జనం ఈసారి బొట్టు అడగడం లేదు, బియ్యం అడుగుతున్నారు, నిలబడమన్నాడు. మా ఆయన నిలబడ్డాడు.

ఓట్లకు ముందు రోజు సాయంత్రం ఆయన అక్క గుమ్మానికి వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. "రేపు ఎట్ల జేద్దాం అక్కా? మీరు చెప్పున్రి" అన్నాడు. ఆమె నమ్మలేనట్టు చూసింది. కాసేపు ఆలోచించి, మీరంతా ముందు పొండి, గల్లీ మలుపు తిరిగాక నేనొచ్చి ఓటేస్తాను అంది. నిండు బిందెతో ఎవరినైనా ఎదురు రమ్మనండి అని కూడా అంది. బిందె మాత్రం వద్దక్కా, అది మాకు కుదరదు అన్నాడాయన. సరే, ఆ సంగతి నేను అమ్మవారికి చెప్పుకుంటాలే అంది. ఇద్దరూ పొలం గట్టు తగువు తీర్చుకున్నంత శ్రద్ధగా మాట్లాడుకున్నారు.

తెల్లారి వాకిట్లో జనం తొందరపడుతున్నారు. ప్రార్థన చేసి పంపడానికి అయ్యగారు కూడా వచ్చారు. మా ఆయన మెట్టు మీదే నిలబడి కదల్లేదు. అక్క ఇంకా బావి దగ్గర ఉంది. శకునం చూస్తున్నారా ఏమిటి అని అయ్యగారు ఆశ్చర్యపోయి మెల్లగా అడిగారు.

"నేను నమ్మనయ్యగారూ. ఆమె నమ్ముతది" అన్నాడు మా ఆయన.

అక్క బిందె ఎత్తుకుని లోపలికి పోయింది. గొళ్ళెం పడింది. అప్పుడు బయల్దేరాడు. అయ్యగారు కూడా వెంట నడిచారు.

ఈసారి గెలిచాం. ఎందుకు గెలిచామో నాకు తెలుసు. రేషన్ బియ్యం వ్యవహారంలో జనం పాత మెంబరు మీద విసిగిపోయి ఉన్నారు. అంతకుమించి ఏమీ లేదు. కబురు తెలిసిన సాయంత్రం అక్క ఆకులో బెల్లం ముక్క పట్టుకుని మా ఇంట్లోకి వచ్చింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆమె మొహం అలా వెలగడం చూశాను. మా ఓటమిని అన్నేళ్ళూ ఒంటరిగా మోసింది కదా.

"సూసినవా చెల్లె? నేను లోపట్నే ఉన్న" అంది.

నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. "ఔ అక్కా, నీ వల్లనే" అన్నాను. అబద్ధం చెప్పానని నాకు ఈ రోజుకీ అనిపించదు.